పాత బండి బోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోతే ఎలా విప్పాలి? మూడు జిల్లాల్లో నేను నేర్చుకున్నది



పోయిన వీడియోలో ఘనజీవామృతం తయారీ చూపించాను కదా. దాని చివర్లో మా పాత బండి కొంచెంసేపు కనిపిస్తుంది. అది చూసి ఫోన్ చేసినవాళ్లలో సగం మంది ఎరువు గురించి అడగలేదు, బండి గురించే అడిగారు. "అన్నా, మా ట్రాలీ బోల్టులు తుప్పు పట్టి రాయి లెక్క అయినయి, ఎంత తిప్పినా రావట్లేదు, మీరెట్ల విప్పుతున్నరు?" అని. అందుకే ఈసారి పంటలు పక్కన పెట్టి, తుప్పు పట్టిన బోల్టుల గురించి రాస్తున్నాను. వీడియోలో చేతి పని చూడండి, ఎందుకు అలా చేయాలో ఇక్కడ చదవండి.

ముందే ఒక మాట. నేను మెకానిక్‌ను కాదు. మేం ఐదుగురు రైతులం కలిసి ఒక పాత టాటా 407 కొనుక్కున్నాం. 407 మోడల్ మొదట వచ్చింది 1986లో. మాది అంత పాతది కాదు గానీ ఇరవై ఏండ్లు దాటింది. మా వైపు ఈ సైజు బండి ఏ కంపెనీదైనా 'డీసీఎం' అనే అంటారు. 1980ల్లో డీసీఎం టయోటా అనే కంపెనీ ఇలాంటి బండ్లు తెచ్చింది. కంపెనీ పోయింది, పేరు మాత్రం మన నోట్లో మిగిలింది. మా డీసీఎంలో పేడ, చెరువు మట్టి, జీవామృతం డ్రమ్ములు, వడ్లు, మిర్చి బస్తాలు అన్నీ తోలుతాం. జనగామ దగ్గర మా ఊరు. అక్కడి నుంచి మహబూబాబాద్ వైపు, భూపాలపల్లి వైపు కూడా తిరుగుతుంది.

మన బండ్లకే తుప్పు ఎక్కువ ఎందుకు?

ఇసుక, కంకర తోలే బండి కంటే మన బండికి తుప్పు తొందరగా పడుతుంది. కారణం మన సరుకే.

జీవామృతం సంగతి మీకు తెలిసిందే. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, బెల్లం, పప్పు పిండి, గుప్పెడు మట్టి. గతుకుల బాటలో డ్రమ్ము ఊగి అది కింద ఒలుకుతుంది. మూత్రంలో ఉప్పులు ఉంటాయి. ఉప్పు నీళ్లు తగిలిన ఇనుము మామూలు నీళ్లు తగిలిన దానికంటే తొందరగా తుప్పు పడుతుంది. మూత్రంలోని యూరియా విరిగి అమ్మోనియా అవుతుంది, అది ఇత్తడి, రాగి భాగాలను తింటుంది. పులిసిన బెల్లం నీళ్లలో ఆమ్లాలు ఉంటాయి. ఇక తడి పేడ ఛాసిస్ సందుల్లో ఇరుక్కుంటే రోజుల తరబడి ఆరదు. బోల్టుకు తడి గుడ్డ చుట్టి వదిలేసినట్టే లెక్క. భూమికి బలమిచ్చేదే ఇనుముకు శత్రువు.

ఇంకో సంగతి అర్థం చేసుకోవాలి. ఇనుము తుప్పుగా మారితే అది మొదటి ఇనుముకు రెండింతలకు పైగా జాగా ఆక్రమిస్తుంది. నట్టుకు, బోల్టుకు మధ్య మరల్లో ఉండే సందు చాలా సన్నం. ఆ సందులో తుప్పు ఉబ్బి, మేకు దిగ్గొట్టినట్టు బిగుసుకుంటుంది. అంటే బోల్టును పట్టుకున్నది మనం బిగించిన బలం ఒక్కటే కాదు, లోపల ఉబ్బిన తుప్పు కూడా. కాబట్టి ముందు ఆ తుప్పును పగలగొట్టాలి, మెత్తబరచాలి. తిప్పడం ఆఖరి పని. నేను ఈ వరుస తలకిందులు చేసి దెబ్బతిన్నాను.

జనగామలో నేను చేసిన తప్పు

అది రోహిణి కార్తె. మృగశిర రాకముందే ఐదుగురి పొలాలకు పశువుల ఎరువు చేరాలి. సైలెన్సర్ పైపు ఇంజన్ మానిఫోల్డుకు కలిసే దగ్గర గాస్కెట్ కాలిపోయి, పొగ క్యాబిన్‌లోకి వస్తోంది. మూడు స్టడ్లు, మూడు నట్లు. రెండు వచ్చాయి. మూడోది కదల్లేదు.

నేనేం చేశానంటే, 17 నంబర్ ఫిక్స్ పానా పెట్టి, దానికి నాలుగడుగుల ఇనుప పైపు తొడిగి, దాని మీద బరువంతా వేసి వేలాడాను. ఇప్పుడు లెక్క చెబుతాను, వినండి. 10 ఎం.ఎం. బోల్టు, తల మీద 8.8 అని ఉండే రకం, దాన్ని బిగించాల్సిన బలం ఎంతో తెలుసా? మీటరు పొడవు పైపు చివర సుమారు 5 కిలోల బరువు వేలాడదీసినంత. నేను 65 కిలోల మనిషిని. పైపు మీటరు కంటే పొడుగు. అది విరగక ఏమవుతుంది?

టప్పుమంది. నట్టు ఊడిందని సంతోషపడేలోపే నా చెయ్యి పోయి ఛాసిస్‌కు తగిలింది. స్టడ్ మానిఫోల్డు లోపల విరిగింది. నా కుడి చేతి చిటికెన వేలు ఎముక కూడా విరిగింది. ఆ వేలు ఈ రోజుకీ పూర్తిగా మడవలేను.

మానిఫోల్డు మొత్తం ఊడదీసి, వరంగల్ తీసుకెళ్లి, డ్రిల్ వేయించి, కొత్త స్టడ్ పెట్టించి తెచ్చేసరికి మూడు రోజులు పోయాయి. రెండో రోజు రాత్రే పెద్ద వాన పడింది. రోడ్డు పక్కన కప్పకుండా పోసిన ఎరువు కుప్ప సారమంతా నల్లటి నీళ్లై కాలువలోకి పోయింది. ఏడాది పొడుగునా కూడబెట్టిన పేడ అది. నట్టు విలువ పది రూపాయలు కూడా ఉండదు. దానికి ఒక్క రాత్రి టైమ్ ఇచ్చి ఉంటే ఇవేవీ జరిగేవి కావు.

మానుకోట కొలిమి దగ్గర విన్న మాట

ఆ మరుసటి ఏడాది మహబూబాబాద్ (మా పెద్దలు ఇప్పటికీ మానుకోట అనే అంటారు) వైపు ఒక పల్లెకు పేడ కోసం వెళ్లినప్పుడు వెనక డాలా బోల్టు బిగుసుకుపోయింది. ఆ ఊళ్లో కమ్మరి పని చేసే ఒక పెద్దాయన ఉన్నాడు. నాగళ్లు, గొర్రు కర్రులు సాగగొట్టిన చేతులు. నేను మళ్లీ పైపు తీయబోతుంటే ఆపాడు.

"బిడ్డా, ఇనుముతోని కొట్లాడొద్దు. అది నీకంటే మొండిది. ఇయ్యాల నూనె పొయ్యి, పొద్దుగాల రా."

"తాతా, లోడు పోవాలె, రేపటిదాకా ఎట్ల?"

"ఇరగ్గొట్టుకుంటే ఎల్లుండిదాకా ఉంటవు. ఏది నయం?"

మాట నిజమే కదా. పొద్దున్నే వెళ్తే పావుగంటలో విప్పి చూపించాడు. ఆయన దగ్గర చూసింది, తర్వాత మా బండి మీద చేసి చూసింది కలిపి కింద వరుసగా రాస్తున్నాను. వరుస మార్చకండి. ఒక మెట్టు పని చేయకపోతేనే తర్వాతి మెట్టుకు వెళ్లండి.

మెట్టు 1: శుభ్రం చేయడం

ముందు బోల్టు చుట్టూ ఉన్న పేడ, మట్టి గీకి, ఇనుప తీగల బ్రష్‌తో మరలు కనిపించేదాకా రుద్దండి. మట్టి మీద పోసిన నూనె మట్టే తాగుతుంది, మరల్లోకి దిగదు. బయటికి పొడుచుకు వచ్చిన మరలను తప్పకుండా శుభ్రం చేయాలి. నట్టు వాటి మీదుగానే బయటికి రావాలి కదా.

మెట్టు 2: నూనె పట్టించడం, రాత్రంతా వదలడం

పలుచటి నూనె కావాలి. గ్రీజు, గేర్ ఆయిల్, ఆముదం లాంటి చిక్కటివి సన్నటి సందుల్లోకి పోవు. షాపులో దొరికే డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే మంచిదే. అది లేకపోతే డీజిల్‌లో కొంచెం ఇంజన్ ఆయిల్ కలపండి. మెకానిక్‌లు వాడే ఇంకో మిశ్రమం ఉంది: పవర్ స్టీరింగ్‌లో పోసే ఏటీఎఫ్ నూనె సగం, అసిటోన్ సగం. ఇది బాగా దిగుతుంది. కానీ అసిటోన్ పెట్రోలు లాగే అంటుకుంటుంది, రంగును కూడా ఊడగొడుతుంది. బీడీ, చుట్ట దగ్గరికి రానివ్వకండి.

సాయంత్రం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, తెల్లవారి ఒకసారి పోయండి. పోసిన ప్రతిసారీ బోల్టు తల మీద చిన్న సుత్తితో పది పదిహేను సార్లు టకటకమని కొట్టండి. ఆ అదురుకు తుప్పులో సన్నటి చీలికలు పడతాయి, నూనె వాటిలోకి దిగుతుంది.

మెట్టు 3: సరైన పానా

ఫిక్స్ పానా నట్టును రెండు మూలల దగ్గరే పట్టుకుంటుంది. గట్టి నట్టు మీద అది జారి మూలలు గుండ్రం చేస్తుంది. రింగు పానా గానీ ఆరు మూలల సాకెట్ గానీ వాడండి. నట్టు తుప్పుకు అరిగి పానా వదులుగా ఉంటే, ఒక సైజు చిన్న సాకెట్ తీసుకుని సుత్తితో కొట్టి ఎక్కించండి.

మెట్టు 4: ముందు బిగించి, తర్వాత విప్పండి

వినడానికి వింతగా ఉంటుంది గానీ ఇది బాగా పనిచేస్తుంది. ముందు బిగించే వైపు కొంచెం తిప్పి చూడండి. చిన్నగా 'కిర్' మని కదిలితే తుప్పు పట్టు విడిపోయినట్టే. ఇప్పుడు విప్పే వైపు పావు చుట్టు, మళ్లీ వెనక్కి, నూనె చుక్క, మళ్లీ ముందుకు. ఇలా మగ్గం నేసినట్టు ముందుకూ వెనక్కీ తిప్పుతూ రండి. కదిలింది కదా అని ఒక్కసారే లాగేస్తే, తుప్పు పొడి మరల మధ్య ఇరుక్కుని మళ్లీ బిగుసుకుంటుంది. అప్పుడు విరుగుతుంది.

బోల్టు తిరుగుతుందా, మెలిపడుతుందా అన్నది చేతికి తెలుస్తుంది. రబ్బరు లాగా మెత్తగా సాగినట్టు అనిపిస్తే వెంటనే ఆపండి. అది విరగబోతోంది.

మెట్టు 5: రెండు సుత్తుల దెబ్బ

నట్టు ఒక పక్క బరువైన సుత్తి ఆనించి పట్టుకుని, ఎదుటి పక్క ఇంకో సుత్తితో కొట్టండి. నట్టును కొంచెం తిప్పి ఆనించి ఆరు పక్కలా చేయండి. నట్టు లవలేశం సాగి మరల్లో పట్టు సడలుతుంది. కళ్లకు అద్దాలు పెట్టుకోవడం మరవద్దు. సుత్తి మొఖం నుంచి రవ్వ లేచి కంట్లో పడితే బోల్టు సంగతి దేవుడెరుగు, ఆసుపత్రికి పరిగెత్తాలి.

మెట్టు 6: వేడి, మైనం

పెద్దాయన చూపించిన అసలు చిట్కా ఇదే. నట్టును మాత్రమే వేడి చేయాలి, బోల్టును కాదు. వేడికి ఇనుము సాగుతుంది. 12 ఎం.ఎం. నట్టును 300 డిగ్రీలు వేడి చేస్తే దాని రంధ్రం 0.04 ఎం.ఎం. పెద్దదవుతుంది. సగం వెంట్రుక మందం. అంత చాలు, తుప్పు పట్టు పగలడానికి.

వేడి చేశాక మంట ఆపి, వేడిగా ఉన్న మరల మీద కొవ్వొత్తి గానీ తేనెమైనం గానీ ఆనించండి. అది కరిగి సందుల్లోకి లాగేసుకుంటుంది. ఒక్క నిమిషం ఆగి పానా పెట్టండి. మా డాలా బోల్టు దీనికే లొంగింది.

నిప్పు పెట్టకూడని చోట్లు

ఇది జాగ్రత్తగా చదవండి.

- గాలి ఉన్న టైరు బిగించిన రిమ్ముకు, దాని నట్లకు మంట పెట్టవద్దు. వేడికి లోపల రబ్బరు నుంచి వాయువులు పుట్టి టైరు బాంబులా పేలుతుంది. మనిషి ప్రాణం పోతుంది.
- డీజిల్ ట్యాంకు, డీజిల్ పైపులు, బ్రేకు పైపులు, రబ్బరు బుష్‌లు, వైర్ల దగ్గర వద్దు.
- డీజిల్, అసిటోన్, స్ప్రే కొట్టిన చోట తుడిచి పూర్తిగా ఆరనివ్వకుండా వద్దు.
- తెల్లగా జింక్ పూత ఉన్న బోల్టులను కాల్చితే వచ్చే పొగ పీల్చవద్దు. చలిజ్వరం వచ్చినట్టు ఒళ్లంతా నొప్పులు వస్తాయి.
- పక్కన ఇసుక బకెట్ పెట్టుకోండి. గడ్డివాము దగ్గర ఈ పని వద్దే వద్దు.

భూపాలపల్లి రోడ్డు మీద నేర్చుకున్నది

పై మెట్లన్నీ వచ్చాక నాకు అంతా తెలిసిందనుకున్నాను. ఒక వానాకాలం భూపాలపల్లి నుంచి తిరిగి వస్తుంటే రోడ్డు మీద ఒక పాత లారీ ఆగి ఉంది. ఎడమ వెనక చక్రం పంక్చరు. డ్రైవరు, క్లీనరు ఇద్దరూ పైపు మీద ఎక్కి తొక్కుతున్నారు, నట్టు కదలట్లేదు. నేను కూడా ఒక చెయ్యి వేశాను. ముగ్గురం చెమటలు కక్కాం.

బొగ్గు లారీ నడిపే ఇంకో డ్రైవరన్న ఆగి చూసి నవ్వాడు. "అన్నా, మీరు విప్పుతలేరు, బిగిస్తున్నరు" అన్నాడు. కొన్ని పాత లారీల్లో ఎడమ పక్క చక్రాలకు ఎడమ మర ఉంటుంది. అంటే మామూలుగా బిగించే వైపు తిప్పితేనే అది ఊడుతుంది. స్టడ్ చివర గానీ నట్టు మీద గానీ 'ఎల్' అనే అక్షరం ఉంటుంది. మట్టి తుడిచి చూస్తే అక్షరం కనబడింది. మేం అరగంట తొక్కింది బిగించడానికే.

అందుకే మొదటి మెట్టు శుభ్రం చేయడం అన్నాను. తుడిస్తే అక్షరం కనబడుతుంది, బోల్టు గ్రేడు కనబడుతుంది, మర ఎటు వాలిందో కనబడుతుంది. ఇంకో మాట: చక్రం నట్లను టైరు నేల మీద ఉన్నప్పుడే కొంచెం వదులు చేయాలి, ఆ తర్వాతే జాకీ ఎత్తాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరవద్దు. కింద మందపాటి చెక్క దుంగలు పేర్చండి. వానకు నానిన నేలలో జాకీ కుంగుతుంది, దాని కింద కూడా పలక వేయండి.

ఏం చేసినా రాకపోతే, విరిగితే

నట్టు రాకపోతే దాన్నే బలి ఇవ్వండి. గ్రైండర్‌తో గానీ ఉలితో గానీ నట్టు ఒక పక్క చీల్చితే అది విచ్చుకుంటుంది, స్టడ్ బతుకుతుంది. కమాను కట్టల యూ బోల్టులైతే ఆలోచించకుండా కోసి పారేయండి. ఒకసారి విప్పిన యూ బోల్టు ఎలాగూ మళ్లీ వాడకూడదు, కొత్తవే వేయాలి.

బోల్టు విరిగి కొంచెం బయటికి ఉంటే, దాని మీద కొత్త నట్టు పెట్టి లోపల వెల్డింగ్ చేయించండి. వెల్డింగ్ వేడికే తుప్పు పట్టు సడలుతుంది, తిప్పడానికి నట్టూ దొరుకుతుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ వైర్లు తీసేయండి. లోపలికి విరిగితే నడిమధ్యలో పంచ్ కొట్టి డ్రిల్ వేయాలి. 'ఈజీ అవుట్' అనే పనిముట్టు ఉంది గానీ అది గట్టి ఉక్కు. అది లోపల విరిగితే మామూలు డ్రిల్ దిగదు. ఆ పని తెలిసిన లేత్ వాళ్లకే ఇవ్వండి.

మళ్లీ బిగించేటప్పుడు

వచ్చే ఏడాది ఇదే బోల్టును మళ్లీ మనమే విప్పాలి. ఆ సంగతి బిగించేటప్పుడే గుర్తుంచుకోవాలి.

తీసిన మామూలు బోల్టులను చింతపండు నీళ్లలో రాత్రంతా నానబెడితే తుప్పు వదులుతుంది. పెంబర్తి ఇత్తడి సామాను చింతపండుతో తోమినట్టే. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి, ఎండబెట్టి, నూనె రాయండి. కానీ తల మీద 10.9, 12.9 అని ఉన్న గట్టి బోల్టులను పులుపులో వేయవద్దు. అవి పెళుసుబారి, బరువు పడ్డప్పుడు చెప్పకుండా విరుగుతాయి. వాటి బదులు కొత్తవి కొనండి.

డాలా, బాడీ, సైలెన్సర్ బిగింపుల బోల్టులకు మరల మీద పలుచగా గ్రీజు పూసి బిగించండి. సైలెన్సర్‌కైతే వేడికి తట్టుకునే కాపర్ గ్రీజు వాడాలి. చక్రం స్టడ్లకు, బ్రేకు భాగాలకు గ్రీజు పూయవద్దు. చక్రం నట్లు బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి మళ్లీ ఒకసారి చూడండి.

మన తాతలు ఎడ్లబండి ఇరుసుకు కందెన వేసేవారు. ఆముదంలో గడ్డి మసి కలిపి చేసేది. ఆముదం తొందరగా ఎండి జిగురు కాదు, ఇనుమును అంటిపెట్టుకుని ఉంటుంది. బిగుసుకున్న బోల్టు విప్పడానికి ఆముదం పనికిరాదని పైన చెప్పాను. బిగించిన బోల్టు మీద బయట పూయడానికి మాత్రం బాగుంటుంది. మేం పేడ లోడుకు ముందు డాలా బోల్టులకు ఆముదమే పూస్తున్నాం.

పేడ గానీ జీవామృతం గానీ తోలిన రోజే బండి అడుగు భాగం మంచి నీళ్లతో కడగండి. రేపు కడుగుదాం అనుకుంటే రాత్రంతా ఉప్పు తన పని చేస్తుంది.

చివరిగా మన నేల గురించి

ఇంత డీజిల్, ఇంత ఇంజన్ ఆయిల్ వాడమని చెబుతున్నాను, మరి మనం ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లం కదా అని మీరు అడగొచ్చు. సరైన ప్రశ్నే. వాడిన ఇంజన్ ఆయిల్‌లో లోహాల పొడి, మసి, విష పదార్థాలు ఉంటాయి. అది నేలలో పడితే తొందరగా పోదు. వానపాములు ఆ చోటికి రావు. అందుకే మేం ఈ పని పొలంలో, బావి దగ్గర, పశువుల కొట్టంలో చేయం. బోల్టు కింద పాత రేకు పళ్లెం పెట్టి, దాంట్లో రంపపు పొట్టు పోస్తాం. కారిన నూనె అది పీల్చుకుంటుంది. ఆ పొట్టును కంపోస్టులో వేయకండి, కుప్పలో కాల్చకండి. వాడిన ఆయిల్‌ను డబ్బాలో నింపి, పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇచ్చేయండి.

మా బండి ఇంకో పదేండ్లు నడవాలని మా ఐదుగురి కోరిక. మృగశిర రాకముందే మీ బండి కింద ఒకసారి టార్చిలైటు వేసి చూడండి. బిగుసుకున్న బోల్టు కనబడితే ఇవాళ సాయంత్రమే నూనె పోసి పడుకోండి. రేపు పొద్దున చూద్దాం.

వీడియోలో రెండు సుత్తుల దెబ్బ, మైనం పెట్టే పద్ధతి దగ్గరి నుంచి చూపించాను, తప్పకుండా చూడండి. మీ చేతివేళ్లు జాగ్రత్త. నమస్కారం.